మా అన్నయ్యకు అంటగట్టిన కథ

మా వదినకూ నాకూ పడదు. ఆ సంగతి ముందే చెప్పేస్తే, తర్వాత నేను రాసేది ఎంతవరకు నమ్మాలో చదివేవాళ్లే తేల్చుకుంటారు. యాభై ఏళ్లుగా ఒకే ఇంట్లో ఉంటున్నాం. మొదటి పాతికేళ్లు మా అన్నయ్య మధ్యలో ఉన్నాడు. ఆయన పోయాక వేరే చోటికి పోయే ఓపిక ఇద్దరికీ లేకపోయింది. వాళ్లకు పిల్లలు లేరు, నాకు పెళ్లి లేదు. అద్దె చెరి సగం. దెప్పిపొడుపులు మాత్రం ఎవరివి వాళ్లవే.

వదిన ముప్ఫై అయిదేళ్లు కళ్లద్దాల షాపులో పనిచేసింది. లెన్సు అంచును ఫ్రేముకు సరిపడేలా అరగదీయడం, ఊడిన స్క్రూ బిగించడం, ముక్కు మీద ఒరుసుకోకుండా సర్దడం ఆవిడ పని. చేతి నైపుణ్యానికి వంక పెట్టలేం. నోటికి మాత్రం అడ్డూ ఆపూ లేదు. ఎవరైనా "జోడు జారిపోతోందండీ" అంటూ వస్తే, "జోడు సరిగ్గానే ఉంది, మీ ముక్కుకే పట్టు లేదు" అనేది. అయినా జనం ఆవిడ దగ్గరికే వచ్చేవారు. బిగించిందంటే మళ్లీ ఊడదు.

ఆ ఆన్‌లైన్ పత్రికను మా ఇంట్లోకి తెచ్చింది నేనే. లైబ్రరీలో ఉద్యోగం చేస్తున్న రోజుల్లో కంట పడింది. అయిదారుగురు ఆడవాళ్లు నడిపేవారు. అందచందాల చిట్కాలు లేవు, రాశిఫలాలు లేవు, ప్రకటనలు లేవు. అందులో 'తలుపు వెనక' అనే శీర్షిక ఉండేది. ఇళ్లలో జరిగేవాటిని ఆడవాళ్లు పేరు లేకుండా రాసుకునే చోటు అది. ప్రతి కథ కిందా పాఠకులు ఒకే ఒక్క మాట రాయాలి: "నమ్ముతున్నాను." సలహా ఇవ్వకూడదు, ప్రశ్న అడగకూడదు. అది అక్కడి ఆచారం. కొన్ని కథల కింద ఆ మాట ఏడెనిమిది వందల సార్లు కనబడేది. నేను గుట్టుగా చదువుకుని మూసేసేదాన్ని. మా వదిన నా భుజం మీదుగా రెండుసార్లు చూసి, మూడోసారి వాళ్ల గదికే వెళ్లి చేరిపోయింది. జిరాక్స్ షాపు మీద ఇరుకు గది, నాలుగు కుర్చీలు, ఒక కెటిల్.

"ఏమే పుస్తకాల పురుగూ, నువ్వు కూడా రారాదూ?" అంది.

"నేను చదువుతాను చాలు."

"అవునులే, ఇల్లు కాలుతున్నా నువ్వు దాని మీద వ్యాసం దొరికితే చదువుతావు."

అక్కడ ఆవిడకు అప్పజెప్పిన పని 'మార్పులు'. వచ్చిన ఉత్తరాన్ని మొదట చదివేది వదిన ఒక్కతే. రాసిన మనిషిని ఎవరూ గుర్తు పట్టకుండా నాలుగు సంగతులు మార్చాలి: మొగుడి వృత్తి, పిల్లల లెక్క, ఇల్లున్న చోటు, అతనికున్న ఏదో ఒక ప్రత్యేకమైన అలవాటు. మార్చాక అసలు ఉత్తరాన్ని చింపేయాలి. సంపాదకురాలితో సహా మరెవరూ దాన్ని చూడకూడదు. పోలీసులు వచ్చి అడిగినా చూపించడానికి ఏమీ ఉండకూడదన్నది వాళ్ల ఉద్దేశం. వదిన ఈ పనిని లెన్సు అరగదీసినట్టే చేసేది. వృత్తి మారిస్తే బాధ కూడా ఆ వృత్తికి అతికేలా మార్చాలి. వంటవాడు ఉప్పు డబ్బాకు తాళం వేస్తే, ఆవిడ చేతిలో అతను ఎలక్ట్రీషియన్ అయి ఫ్యూజు పీకి జేబులో వేసుకుని పోయేవాడు. ఒకసారి వాడిన వృత్తి మళ్లీ వాడేది కాదు. ఎనిమిదేళ్లు అలా చేసింది. గుర్తింపు భయం లేకుండా ఎంతమంది గుండె బరువు దించుకున్నారో నాకు తెలుసు. ఆ మాట దాచను.

తొమ్మిదేళ్ల కిందట ఒక ఉత్తరం వచ్చింది. రాసినామె భర్త బడిలో లెక్కల మాస్టారు. ఇద్దరు ఆడపిల్లలు. ఆమె రోజంతా ఏం చేసిందో గంటగంటకూ నోటుబుక్కులో రాసిపెట్టాలి. సాయంత్రం అతను వచ్చి ఎర్ర పెన్నుతో దిద్ది పదికి మార్కులు వేస్తాడు. అయిదు రాకపోతే మర్నాడంతా ఆమె ఎవరితోనూ మాట్లాడకూడదు, కన్నపిల్లలతో కూడా. పదకొండేళ్లుగా ఇదే వరస.

వదిన మాస్టారిని వాచీలు బాగుచేసేవాణ్ణి చేసింది. నోటుబుక్కు తీసేసి గడియారం పెట్టింది. పాల ప్యాకెట్టుకు తొమ్మిది నిమిషాలు, స్నానానికి ఆరు; దాటిన ప్రతి నిమిషానికీ ఒక గంట మౌనం. ఇద్దరు ఆడపిల్లలు ఒక కొడుకయ్యారు. కాపురం ఇస్త్రీ షాపు పైన మొదటి అంతస్తుకు మారింది. కింది ఆవిరికి గచ్చు కాలిపోయేదన్న వాక్యం కూడా ఒకటి చేర్చింది. ఆ వాక్యం ఎంత బాగా కుదిరిందంటే చదివి నేను కూడా ఆగాను.

బాగా కుదరదూ మరి! అది కల్పన కాదు. మూడు వీధుల అవతల నిజంగానే ఒక వాచీల ఆయన ఉన్నాడు. ఆయనకు ఒక్కడే కొడుకు. తన షాపు పక్కనే ఉన్న ఇస్త్రీ షాపు పైనే కాపురం. దగ్గరి చూపు కళ్లద్దాల కోసం ఏడాదికోసారి వదిన దగ్గరికే వచ్చేవాడు. ఎదురుగా కూర్చోబెట్టి కళ్ల మధ్య దూరం కొలుస్తుంటే జనం ఊరికే ఉండరు, ఇంటి సంగతులు చెబుతారు. కింద ఇస్త్రీ పెట్టెల వేడికి ఎండాకాలం గచ్చు మీద కాలు పెట్టలేమని ఆయనే ఎప్పుడో చెప్పాడు. ఎవరన్నారో వదిన మరిచిపోయింది, మాట మాత్రం లోపల ఉండిపోయింది. పోల్చుకోకుండా చేయడమే పనిగా ఉన్న మనిషి, ఒక అమాయకుణ్ణి వీధి చివరి నుంచే పోల్చుకునేలా చేసిపెట్టింది.

మూడో రోజుకల్లా ఎవరో ఆయన షాపు ఫొటో పెట్టారు. వారం తిరక్కముందే అద్దం పగిలింది. వాచీల ఆయన భార్య కథ కింద రాసింది: "ఇది నేను రాయలేదు. మా ఆయన అలాంటివాడు కాదు." దాని కింద, అక్కడి ఆచారం కూడా మరిచి, వరసగా వచ్చిన జవాబులు ఇవి: "భయపడకండి." "ఆయన పక్కనే ఉండి రాయించాడా?" "మేము మిమ్మల్ని నమ్ముతున్నాం."

ఆదివారం మధ్యాహ్నం వదిన నన్ను ఆ గదికి తోడు రమ్మంది. ఆవిడ నన్ను తోడు రమ్మనడం అదే మొదలు, అదే ఆఖరు. సంపాదకురాలిని అందరూ పెద్దక్క అనేవారు, వయసులో వదిన కంటే ఇరవై ఏళ్లు చిన్న. మంచి చదువరి. మాట నెమ్మది, నెమ్మదిగానే కోస్తుంది.

"ఆ మనిషి ఈ మనిషి కాదని ఒక్క ముక్క వేయండి," అంది వదిన.

"అసలు ఉత్తరం ఉందా?"

"చింపేశాను. చింపమన్నది మీరేగా."

"మరి కాదని ఎలా వేస్తాం? వివరాలు మారుస్తామని బయటపెడితే, ఇన్నేళ్ల కథలన్నీ కట్టుకథలేనని రేపటికల్లా ఊరంతా అంటుంది. కాచుక్కూర్చున్న వాళ్లు లేరా?"

"ఆ ఇంట్లో కుర్రాడు కాలేజీకి పోవడం మానేశాడు."

పెద్దక్క టీ కప్పు పక్కన పెట్టింది. "ఒక మాట అడుగుతాను, ఏమీ అనుకోకండి. ఆయన మీ షాపు కస్టమరటగా. ఎన్నాళ్ల పరిచయం?"

గదిలో ఉన్న మిగతా ముగ్గురూ తలలు వంచుకున్నారు. ఎనిమిదేళ్లు కలిసి పనిచేసినవాళ్లు. ఒక్కరూ "అదేం మాట" అనలేదు. ఎంతటివాళ్లకైనా ఎదురు చెప్పే మా వదిన సంచి అందుకుని లేచింది. నిజం చెబితే, నాకు కాస్త తృప్తిగానే అనిపించింది.

మెట్లు దిగుతూ నేనే అడిగాను. "అసలామె ఎవరో నీకు తెలుసుగా? ఆమెతోనే ఒక ముక్క చెప్పించు."

"నిన్న షాపుకు ఫోన్ చేసింది," అంది వదిన. ఉత్తరాలు రాసేవాళ్లకు ఆవిడ షాపు నంబరే ఇచ్చేవారు. మాస్టారు ఆ కథను స్టాఫ్ రూములో చదివాడట. ఇంటికొచ్చి పెళ్లానికి కూడా వినిపించి, "ఈ వాచీలవాడి కంటే నేను నయం కదూ?" అని అడిగి జవాబు కోసం ఆగాడట. బడికి సెలవులు ఇవ్వగానే పిల్లల్ని తీసుకుని వెళ్లిపోవడానికి ఆమె అన్నీ సిద్ధం చేసుకుంది. ఇంకా అయిదు వారాలుంది. "'వాచీలవాడు కాదు అని మాత్రం వేయొద్దమ్మా, మరెవరని లెక్క కడతాడు, ఆయనకు లెక్కలు వచ్చు' అంది."

"అయితే అయిదు వారాలు ఆగుదాం."

"ఆ షాపుకు ఇంకా ఒక అద్దం మిగిలింది. అదీ పగిలేదాకానా?"

మర్నాడు కూర తరుగుతూ తలెత్తకుండా చెప్పింది. "ఆ కథ నాదేనని చెబుతాను. వాచీలవాడు కాదు, మా ఆయనేనంటాను. కొడుకూ ఇస్త్రీ షాపూ నన్ను పోల్చుకోకుండా నేనే పెట్టుకున్నవంటే పత్రిక మీదికి రాదు."

కత్తి ఎవరి చేతిలో ఉందో ఒక క్షణం నాకు తెలియలేదు.

మా అన్నయ్య బస్సు డిపోలో టైమ్‌కీపర్. ఏ బస్సు ఎన్నింటికి వచ్చింది, ఎన్ని నిమిషాలు ఆలస్యం, ఎందుకు ఆలస్యమని రాసుకునే ఉద్యోగం. నిమిషాలు లెక్కపెట్టే మొగుడి కథ ఆయనకు కుట్టించిన చొక్కాలా సరిపోతుంది. కానీ ఆ మనిషి ఇంటి గుమ్మంలోకి రాగానే వాచీ విప్పి బూటులో పడేసేవాడు. ఎవరు ఎప్పుడు వచ్చారు, ఎందుకు ఆలస్యమైంది అని ఆ ఇంట్లో ఒక్కనాడూ అడగలేదు. "నాకు జీతం ఇచ్చేది బస్సుల్ని అడగడానికే," అనేవాడు. నేను సినిమాకు పోయి ఆలస్యంగా వస్తే అమ్మ అరుస్తుంటే, "బ్రేక్‌డౌన్ అని రాసుకోమ్మా," అని నవ్వేవాడు.

"నీకు సిగ్గుందా?" అన్నాను. "పోయినవాడు వచ్చి కాదనలేడనేగా?"

"అందుకే. బతికున్నవాడైతే అద్దాలు పగులుతాయి."

"నా అన్న వదినా!"

"నా మొగుడే. నీ ఒక్కదానికే పోయాడా?"

"నువ్వు చేసిన తప్పుకు నీ మెడ చాపు. ఆయన మెడ ఎందుకు?"

"నా మెడ ఎవరిక్కావాలి? వాళ్లకు కావలసింది ఒక మొగుడు," అంది. ముక్కలన్నీ గిన్నెలో వేసి కొళాయి తిప్పింది. నీళ్ల చప్పుడులోనే, "నీ సంతకం కావాలి," అంది.

పత్రికకు ఇంకో నియమం ఉంది. పేరు చెప్పి రాసే కథ పోయినవారి గురించైతే, ఆ ఇంటి మనిషి మరొకరు సరేనని సంతకం చేయాలి. మంచి నియమమే. ఆ ఇంటి మనిషిని ఇక నేనొక్కదాన్నే ఉన్నాను. చేయనన్నాను. జన్మలో చేయనన్నాను. వారం రోజులు ఒకరి మొహం ఒకరం చూసుకోలేదు. గిన్నెలే మాట్లాడుకున్నాయి.

తొమ్మిదో రోజు మధ్యాహ్నం వాచీల షాపుకు వెళ్లాను. ఎందుకు వెళ్లానో నాకే తెలియదు. ఆ మనిషి మొహంలో ఏదో ఒక చెడు కనబడితే నా పని తేలికవుతుందని ఆశపడ్డానేమో. షట్టర్ సగం దించి ఉంది. వంగి లోపలికి వెళితే కౌంటర్ వెనక ఆయన లేడు, ఆయన భార్య కూర్చుని ఉంది. పగిలిన అద్దానికి అట్ట అడ్డం పెట్టారు.

"మీరు కూడా నన్ను కాపాడటానికే వచ్చారా?" అంది.

"లేదండీ, ఊరికే..."

"ఊరికే వచ్చేవాళ్లే ఎక్కువయ్యారు. వాచీ ఉంటే చూపించండి, లేకపోతే నడవండి."

చేతికున్న వాచీ తీసి ఇచ్చాను. బాగానే నడుస్తోంది. ఆవిడ చెవి దగ్గర పెట్టుకుని విని, "దీనికేం జబ్బు లేదు," అని తోసేసింది. ఆ తర్వాత ఎవరూ అడక్కుండానే మొదలుపెట్టింది.

"మొన్న ముగ్గురొచ్చారు. ఒకావిడ నా చెయ్యి తిప్పి తిప్పి చూసింది, దెబ్బల కోసం. లేవంటే ఇంకెక్కడ కొట్టాడంది. ఇంకొకావిడ నేను ఏడుస్తానేమోనని రుమాలు కూడా తెచ్చుకుంది, పాపం. ఏడవకపోతే చిన్నబుచ్చుకుంది. కొట్టాడంటే వెంటనే నమ్ముతారట, కొట్టలేదంటే భయపడుతున్నావంటారు. ఆడదాని మాట నమ్మాలని వాళ్ల బోర్డు మీదే ఉందటగా. నేను ఆడదాన్ని కానా అండీ? గడ్డాలూ మీసాలూ కనబడుతున్నాయా?"

"ఆయనేరీ?"

"పైన పడుకున్నాడు. ముప్ఫై ఏళ్లలో పగటిపూట పడుకోవడం ఇదే. చెయ్యి వణుకుతోందట, చిన్న ముల్లు పట్టుకోలేకపోతున్నానంటాడు. నిన్న నన్ను అడిగాడు, 'నాకు తెలియకుండా నిన్నేమైనా బాధపెట్టానా?' అని. ముప్ఫై ఏళ్ల కాపురం తర్వాత ఆ మాట అడిగించారు మా ఆయన చేత. ఆ రాసినావిడ కనబడితే చెప్పండి, నా ఉసురు ఊరికే పోదు."

రాసినావిడ నిన్న రాత్రి నా ఇంట్లోనే అన్నం తిని పడుకుందని నేను చెప్పలేదు. వాచీ పెట్టుకుని వచ్చేశాను.

ఆ సాయంత్రమే కాగితం తెమ్మన్నాను. వదిన తెచ్చింది. పైన ఆవిడ రాత, గుండ్రంగా, తొణక్కుండా ఉంది. మా అన్నయ్య ఉద్యోగం, నిమిషాలు, మౌనం, పోయిన సంవత్సరం. కింద నాకు చోటు వదిలింది. చేశాను. చేసి పెన్ను టేబుల్ మీద విసిరికొట్టాను.

"ఇందుకు నిన్ను క్షమించను," అన్నాను.

"అడిగానా?" అంది.

అచ్చయిన రోజే వాచీల షాపు మీద గొడవ చల్లారిపోయింది. ఫొటో పెట్టినవాళ్లు ఫొటో తీసేశారు. అంతే. అట్ట తీసి కొత్త అద్దం వేయించడానికి ఒక్క 'నమ్ముతున్నాను' కూడా వెళ్లలేదు. వాళ్లంతా మా ఇంటికి వచ్చారు. హాల్లో కూర్చుని వదిన చెయ్యి నిమిరారు. "ఎలా భరించారమ్మా?" అన్నారు. రుమాలావిడ కూడా వచ్చింది, ఈసారి ఆవిడ ప్రయాణం వృథా పోలేదు. మా వదిన కళ్లనీళ్లు పెట్టుకుంది. అది నటనో కాదో నాకు ఇప్పటికీ తెలియదు. పెద్దక్క నా వైపు తిరిగి, "చెల్లెలిగా మీరు చూసింది కూడా రాస్తే బాగుంటుంది," అంది. "నేను చూసింది రాస్తే మీరు వేయరు," అన్నాను. బిడియం అనుకుంది.

డిపోలో అన్నయ్యతో పనిచేసిన డ్రైవర్ ఒకాయన నెలకోసారి వచ్చి మమ్మల్ని పలకరించి పోయేవాడు. ఆ నెలా వచ్చాడు. లోపలికి రాలేదు. గుమ్మంలోనే నిలబడి వదినతో అన్నాడు. "అమ్మా, నేను ఆలస్యంగా వచ్చిన ప్రతిసారీ నా ఉద్యోగం పోకుండా టైము మార్చి రాసినవాడు ఆయన. నువ్వు చెప్పిన మనిషి ఎవరో నాకు తెలియదు." నా వైపు చూశాడు. నేనైనా ఒక మాట అంటానని ఆగాడు. నేను సంతకం చేసినదాన్ని. ఆయన చెప్పులేసుకుని వెళ్లిపోయాడు, మళ్లీ రాలేదు.

సెలవులు ఇచ్చిన నాలుగో రోజున కళ్లద్దాల షాపుకు మాస్టారి భార్య నుంచి ఫోన్ వచ్చింది. "చేరామమ్మా," అని పెట్టేసిందట. ఆ మాట వదిన నాతో ఎప్పుడు చెప్పిందో తెలుసా? మూడు నెలల తర్వాత, పప్పులో ఉప్పెక్కువైందని నేను తిట్టినప్పుడు. అప్పటికి పత్రికకు వెళ్లడం మానేసింది. వాచీల ఆయన మళ్లీ పనిలోకి వచ్చాడు గానీ, కళ్లద్దాలకు వేరే షాపుకు వెళుతున్నాడు.

పోయిన ఏడాది లెక్కల మాస్టారి భార్య సొంత పేరుతో, సొంత ఫొటోతో అంతా రాసుకుంది. నోటుబుక్కు, ఎర్ర పెన్ను, మార్కులు, ఏదీ దాచలేదు. కూతుళ్లిద్దరూ ఉద్యోగాలు చేస్తున్నారు. మాస్టారికి భయపడాల్సిన అవసరం ఇక ఎవరికీ లేదు. అది చదివిన పూటే నేను వదిన ఎదుట కూర్చున్నాను.

"ఇక చెప్పేయొచ్చుగా. అన్నయ్య కాదని ఒక్క ముక్క రాయి."

వదినకు డెబ్బై నాలుగేళ్లు వచ్చాయి. చూపు తగ్గింది, నోరు తగ్గలేదు. "రాస్తే?" అంది. "ఒకసారి అబద్ధం చెప్పినదాన్ని, అన్నిసార్లూ అబద్ధమేనంటారు. నేను దిద్దిన కథలు ఎన్ని ఉన్నాయో నీకు తెలుసా? ఇప్పటికీ వాటిని చూపించుకుని బయటపడుతున్నవాళ్లు ఉన్నారు."

"అప్పుడు పెద్దక్క కూడా ఇదే అంది. నువ్వు ఆవిడ మీద మండిపడ్డావు."

"మండిపడ్డాను. ఆవిడన్నది అబద్ధమని అన్నానా?"

"పైకి పోయాక అన్నయ్య ఎదురుపడితే ఏం చెబుతావు?"

"జరిగింది చెబుతాను. నవ్వుతాడు."

"నవ్వడు."

"నీకేం తెలుసు? నీకు అన్న. నాకు మొగుడు."

"అయితే నేనే రాస్తాను," అన్నాను.

"రాసుకో. తోడబుట్టినవాణ్ణి వెనకేసుకొస్తోంది, ఆడబిడ్డ బుద్ధి పోనిచ్చుకుందా అంటారు." ఆవిడ కళ్లజోడు తీసి చీర కొంగుతో తుడుచుకుంది. "పైగా అవునని సంతకం పెట్టింది నువ్వే. నిన్నెవరు నమ్ముతారే?"

రాశాను. నమ్మినా నమ్మకపోయినా, మా అన్నయ్య ఇంట్లో ఎవర్నీ టైము అడగలేదు.